జామర్ లేని ఒకే ఒక్క కారు

మా చింతలంకలో కార్లకు జామర్లు బిగించే షాపు నాదొక్కటే. ఊళ్ళో జామర్లు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేవు. ఈ రెండు మాటలకీ పొంతన ఏమిటని నన్నడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడగాల్సింది ట్రాఫిక్ సీఐ ఏకాంబరేశ్వరరావు గారిని. ఆయన్ని అడిగే ధైర్యం మీకు లేకపోతే ఇలా కూర్చోండి, నేనే చెబుతాను.

నా పేరు అబ్బులు. హైవే మీద పెట్రోలు బంకు దాటగానే ‘అబ్బులు కార్ డెకార్స్’ అని పసుపు బోర్డు కనిపిస్తుంది. సీట్ కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, రివర్స్ హారన్లు, డాష్‌బోర్డు మీద తలాడించే కుక్కపిల్లలు, అన్నీ దొరుకుతాయి. పెళ్ళికొడుకు ఎక్కే కారుకు పూలు కూడా నేనే కడతాను. ఆ షాపు తప్ప నాకు పొలం లేదు, పుట్రా లేదు, ఇంకో పని చేతకాదు. దాని షట్టరు పైకి లేస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

పోయిన దసరాకు ముందు మా ట్రాఫిక్ స్టేషన్‌కు లేజర్ స్పీడ్ గన్ వచ్చింది. మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, ఎదురొచ్చే బండి మీద గురిపెడితే, దాని గాజు కంట్లోంచి కంటికి కనపడని కిరణం ఒకటి పోయి, బండికి తగిలి వెనక్కొచ్చి, బండి ఎంత జోరు మీద ఉందో చెప్పేస్తుంది. కుయ్యిమని కూసి, అంకె, బండి నంబరు వేసిన చీటీ కూడా ఇస్తుంది. వచ్చిన కొత్తలో అది చాలా బాగా పనిచేసింది. కోళ్ళ వ్యాన్లు, కాలేజీ బస్సులు, సీఐ గారి తోడల్లుడు, అందర్నీ పట్టేసింది. ఊరు ఊరంతా బుద్ధిగా బండ్లు నడపడం మొదలుపెట్టింది.

అంతలో దసరా వచ్చింది. స్టేషన్‌లో ఆయుధ పూజ. లాఠీలు, జీపు, కంప్యూటరు, వాటి నడుమ పీట మీద స్పీడ్ గన్. జీపుకు బంతిపూల దండలు కట్టడానికి నన్ను పిలిచారు. మా ఆవిడ మంగతాయారు గారెలు చేసి పట్టుకొచ్చింది. అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చిన పంతులుగారు గన్ను దగ్గర ఆగిపోయారు.

“దీనికి ముఖం ఎటువైపండీ?”

సీఐ గారు చుట్టూ తిరిగి చూశారు. “చూచునది గాజుతో గనుక ముఖము గాజువైపే” అని తేల్చారు. తేల్చి ఊరుకోలేదు. తానే గంధం గిన్నె తీసుకుని, గాజు కన్ను నిండా దట్టంగా బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టుకున్నారు.

“ఎంత కళొచ్చిందో!” అంది మా ఆవిడ. నిజంగానే వచ్చింది.

మర్నాటి నుంచి గన్ను అంకె చూపించడం మానేసింది. ఏ బండి మీద గురిపెట్టినా తెర మీద అడ్డగీతలే. కానిస్టేబుల్ వీరపండు దాన్ని తట్టి చూశాడు, బ్యాటరీ మార్చాడు, చివరికి సీఐ గారికి చెప్పాడు. సీఐ గారు గన్నుతో పాటు పట్నంలో ట్రైనింగు కూడా అయి వచ్చిన మనిషి. అక్కడ ఏదో మాటల్లో చెప్పారట, కొందరు ప్రబుద్ధులు కారు ముందు భాగంలో జామర్ అనే చిన్న పెట్టె పెట్టుకుంటారని, అది గన్ను కిరణాన్ని తికమక పెట్టేస్తుందని, అప్పుడు తెర మీద అంకె రాదని. ఆ ట్రైనింగులో మిగతాదంతా సీఐ గారు నిద్రపోయారుగానీ ఆ ముక్క మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నారు.

ఆర్టీసీ బస్సు వచ్చింది. అడ్డగీతలు. “ప్రభుత్వ ఆస్తికి జామరా!” అన్నారు సీఐ గారు. పుల్ల ఐస్ బండి వచ్చింది. అడ్డగీతలు. ఆస్పత్రి నుంచి శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చింది. మళ్ళీ అడ్డగీతలే. “చచ్చినవాడికి కూడా ఏం పోయేకాలంరా!” అని ఆయన నెత్తి మీద టోపీ తీసి నేలకేసి కొట్టారు. తర్వాత టోపీ పెట్టుకుని నేరుగా మా షాపుకు వచ్చారు.

“అబ్బులూ! ప్రాథమిక విచారణలో తేలినదేమనగా, ఈ పట్టణమందు సంచరించు సమస్త వాహనములకు జామర్లు అమర్చబడి ఉన్నవి. ఈ పట్టణమందు వాహనములకు ఏదైనా అమర్చువాడివి నువ్వొక్కడివే. కావున అమర్చినవాడివి నువ్వే.”

“అయ్యబాబోయ్! జామర్ మొహం ఎలా ఉంటదో కూడా నేనెరగనండి.”

“ఎరగవు. కనపడకపోవడమే దాని లక్షణం.”

“మరి కనపడందాన్ని నేనెలా బిగిస్తానండీ?”

“అదే మేమూ అడుగుతున్నాం. ఎలా బిగించావు?”

ఆయన వెంట వచ్చిన వీరపండు షాపంతా వెతికి, తలాడించే కుక్కపిల్లల్ని, నిమ్మకాయ మిరపకాయల దండల్ని అనుమానాస్పద వస్తువుల కింద జీపులో వేసుకున్నాడు. శుక్రవారంలోగా ఊళ్ళో జామర్లన్నీ పీకెయ్యకపోతే షాపుకు సీలు వేసి, నన్ను లోపలేస్తామని చెప్పి సీఐ గారు వెళ్ళిపోయారు. లేని జామర్లు ఎక్కణ్ణుంచి పీకను? ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

“ఊరుకోండీ, ఎవరి మొక్కు వాళ్ళు తీర్చుకుంటారు. ముందు తినండి” అంది మంగతాయారు. ఆవిడ మాటకు అర్థం ఏమిటో నాకు తెలీలేదు. ఆవిడకీ తెలీదనుకుంటాను.

మర్నాడు పట్నం నుంచి డాక్టర్ పరాంకుశం గారు దిగారు. రోగాల డాక్టరు కాదు, చదువుల డాక్టరు. లేజర్ నిరోధక పరికరాల నిరోధక విభాగానికి ఆయన ప్రత్యేకాధికారి. ఆ విభాగంలో ఇంకెవరూ లేరు కాబట్టి మామూలు అధికారి కూడా ఆయనే. మనిషి సన్నగా ఉంటాడు, మాట మాత్రం లావు.

“తొలగింపును ధ్రువీకరించవలెనన్న ముందుగా ఉనికిని ధ్రువీకరించవలెను” అన్నాడాయన. “ఉనికిని ధ్రువీకరించుటకు నమూనా జామర్ కావలెను. ప్రభుత్వము వద్ద నమూనా లేదు. కనుక నిందితుడే ఒకటి తయారుచేసి, తన కారుకు అమర్చి చూపవలెను.”

“అమర్చాననే కదండీ సీలేస్తానంటున్నారు?”

“అది అనధికార అమరిక. ఇది అధికార అమరిక.”

ఏం చేస్తాను? మా ఇంట్లో పాత సబ్బుపెట్టె ఒకటి తీసుకుని, దానికి రెండు ఎర్ర బల్బులు పెట్టి, హారన్ వైరు చుట్టి, నా పాత తెల్లకారుకు నంబరు ప్లేటు కింద స్క్రూలతో బిగించాను. హైవే పక్కన గన్ను నిలబెట్టారు. నేను కారు తోలుకుంటూ దాని ముందు నుంచి పోయాను. తెర మీద అడ్డగీతలు.

“అమోఘం!” అని డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. సీఐ గారు నా వైపు చూసి తలూపారు. ఆ చూపులో కోపంతోపాటు కాస్త గౌరవం కూడా ఉంది. నాకు భయం రెట్టింపైంది.

తర్వాత సబ్బుపెట్టె ఊడదీయించి మళ్ళీ పొమ్మన్నారు. పోయాను. అడ్డగీతలే. డాక్టరు గారి మొహం చిన్నబోయింది. కాసేపు ఆలోచించి, పెట్టె తీసినా కారుకు ఇంకా జామర్ గుణం పట్టి ఉందని, దాన్ని ‘అవశేష జామర్’ అంటారని సెలవిచ్చారు. ఆయన అంతకు ముందు క్షణమే ఆ పేరు పెట్టినట్టు నాకు అనిపించింది.

“బాబూ, ఓసారి ఆ గన్నులో ఏదైనా తేడా ఉందేమో చూడకూడదా అండీ?” అన్నాను, ఉండబట్టలేక.

సీఐ గారికి కళ్ళు ఎర్రబడ్డాయి. “పూజ చేసిన ఆయుధాన్ని శంకిస్తావురా? నా చేతులతో బొట్టు పెట్టాను!”

“పైగా గ్యారంటీ కాలములో ఉన్నది” అన్నారు డాక్టరు గారు. “గ్యారంటీ కాలములో పరికరము చెడిపోవుటకు నిబంధనలు అంగీకరించవు.”

అక్కణ్ణుంచి నా కారుకు శని పట్టింది. ముందు బంపరు తీయించారు. అడ్డగీతలు. హెడ్‌లైట్లు తీయించారు, బానెట్ తీయించారు, తలుపులు తీయించారు. ఒక్కో సామాను తీసినప్పుడల్లా నేను కారును ముందుకు తోలడం, వీరపండు గన్ను వంక చూసి “గీతలేనండీ” అనడం. చివరికి ఇంజను కూడా దింపేశారు. ఇక మిగిలింది నాలుగు చక్రాలు, ఒక చట్రం, దాని మీద స్టీరింగు పట్టుకుని కూర్చున్న నేను. ఎన్నో పెళ్ళికొడుకుల్ని ఊరేగించిన కారండీ అది. నాకు ఏడుపొచ్చింది.

ఇంజను లేదు కాబట్టి చట్రాన్ని తోయడానికి వీరపండును పెట్టారు, గన్ను దగ్గరికి డాక్టరు గారే వచ్చారు. వీరపండు తోశాడు. అడ్డగీతలు.

“వాహనములో ఏమియూ మిగలలేదు” అన్నారు డాక్టరు గారు గడ్డం గోక్కుంటూ. “అనగా దోషము వాహనములో లేదు. తోయువానిలో ఉన్నది.”

“నాలోనాండీ?” అన్నాడు వీరపండు.

వాణ్ణి ఒక్కణ్ణే హైవే పక్కన పరిగెత్తించారు. అడ్డగీతలు. ఈల తీయించి పరిగెత్తించారు, బెల్టు తీయించి పరిగెత్తించారు, తాయెత్తుతో సహా మొలతాడు కోయించి పరిగెత్తించారు. పాపం, జారిపోతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సెల్యూట్ కొడుతూ పరిగెత్తాడు. అప్పుడూ గీతలే. ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. కడుపులో గ్యాసు తప్ప ఏమీ లేదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ గ్యాసే జామర్ కావచ్చునని మన డాక్టరు గారు రాసుకున్నారు. ఆ తర్వాత వీరపండు గన్నుకు ఎదురుగా నిలబడకూడదని, ఎప్పుడూ దాని వెనకాలే డ్యూటీ చెయ్యాలని ఆర్డరు వేశారు.

ఇదంతా ఒకెత్తు, ఊళ్ళో జరిగింది ఇంకొకెత్తు. అబ్బులు జామర్ పెడితే ఊడదీసినా దిగదట, ఇంజను దింపినా పోదట, పోలీసుల ఒంట్లోకి కూడా పాకిందట అని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పుకారు పాకిపోయింది. షాపు ముందు కార్లు బారులు తీరాయి. పక్క ఊరి రైసుమిల్లు ఆసామి ఒకాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“అబ్బులు గారూ, ఆ పెట్టె ఒకటి మన కారుకి కూడా పెట్టించండీ.”

“అది సబ్బుపెట్టెండి బాబూ! ఉత్త సబ్బుపెట్టె!”

ఆయన అటూ ఇటూ చూసి కన్నుగీటాడు. “ఆయ్, అర్థమైందండి. సబ్బుపెట్టే. మాకూ ఆ సబ్బుపెట్టే పెట్టండి.”

పొమ్మంటే పోరు. లేదంటే నవ్వుతారు. ఒట్టేస్తే ఇంకా గట్టిగా నమ్ముతారు. ఈ బారులు చూసి సీఐ గారు నేరం రుజువైపోయిందన్నారు. శుక్రవారం ఎస్పీ గారే స్వయంగా వస్తున్నారని, ఆయన ఎదుట నా చట్రానికి ఆఖరి పరీక్ష జరుగుతుందని, అంకె వచ్చిందా సరే, రాకపోతే అక్కడికక్కడే షాపుకు సీలు, నాకు సంకెళ్ళు అని చెప్పారు. అంకె రాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

శుక్రవారం నాడు హైవే పక్కన షామియానా వేశారు. ఎస్పీ గారికి సోఫా వేశారు. ఒక బల్ల మీద లక్క, కొవ్వొత్తి, సీలు, సంకెళ్ళు పళ్ళెంలో పెట్టి సిద్ధంగా ఉంచారు. ఎస్పీ గారు ఇంకా రాలేదు. సీఐ గారు, డాక్టరు గారు సోఫా ఏ దిక్కుకు వెయ్యాలనే దాని మీద వాదించుకుంటున్నారు. గన్ను వెనకాల వీరపండు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. నేను నా చట్రం మీద కూర్చుని మా షాపు వైపే చూస్తున్నాను. పసుపు బోర్డు ఎండలో మెరుస్తోంది. ఇక ఆ షట్టరు ఎత్తే రోజు రాదనుకున్నాను.

అప్పుడు మంగతాయారు క్యారేజీ పట్టుకుని వచ్చింది. పొద్దున్నే గుడికి వెళ్ళి అటునుంచి అటే వచ్చినట్టుంది, కుంకుమ భరిణె చేతిలోనే ఉంది. నా దగ్గరికి వస్తూ వస్తూ గన్ను దగ్గర ఆగింది.

“ఇదేంటి వీరపండూ, దసరా నాటి బొట్టు ఇంకా అలాగే ఉంచేశారా! ఎండిపోయి బీటలిచ్చింది చూడు.”

“మా బాధల్లో మేమున్నాం అక్కా. నా మొలతాడు కూడా కోసేశారు.”

“ఎన్ని బాధలుంటే మాత్రం శుక్రవారం పూట కడిగి కొత్త బొట్టు పెట్టుకోవద్దూ? అందుకే మీ స్టేషన్‌కి ఈ దరిద్రం!”

మా ఇంటి గుమ్మానికి, షాపు గల్లాపెట్టెకు, నా కారు స్టీరింగుకు ఆవిడ ప్రతి శుక్రవారం అలాగే చేస్తుంది. సీసాలో నీళ్ళు కొంగు మీద పోసుకుని, గాజు కన్ను మీద బొట్టంతా రుద్ది రుద్ది కడిగేసింది. పొడి అంచుతో శుభ్రంగా తుడిచింది. తర్వాత భరిణె మూత తీయబోతే అది బిగుసుకుపోయి రాలేదు. “ఇదొకటి” అని విసుక్కుంటూ పళ్ళతో లాగుతోంది.

సరిగ్గా అప్పుడే హైవే మీద ఒక తెల్లకారు దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చింది. దసరా మర్నాటి నుంచి నోరెత్తని గన్ను ఒక్కసారిగా కుయ్యిమని కూసింది. వీరపండు ఎగిరిపడ్డాడు. తెర మీద నూట ఇరవై ఒకటి! దాని నోట్లోంచి చీటీ బయటికొచ్చింది.

మంగతాయారు ఆ గోల పట్టించుకోలేదు. మూత వచ్చింది. గాజు కన్ను నిండా దట్టంగా కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, క్యారేజీ తీసుకుని నా దగ్గరికి వచ్చేసింది. “వంకాయ కూర. చల్లారకుండా తినండి.”

కారు కీచుమని షామియానా ముందు ఆగింది. అందులోంచి ఎస్పీ గారు దిగారు.

వీరపండు చీటీ పట్టుకుని పరిగెత్తాడు. సీఐ గారు అంకె చూశారు. కింద ఉన్న కారు నంబరు చూశారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. డాక్టరు గారు చీటీ లాక్కుని చదివి, చాలాసేపు ఆకాశం వంక చూశారు. ఆయన ఏదో ఒకటి కనిపెట్టకుండా ఉండలేరని నాకు తెలుసు.

“మహాశయా!” అన్నారు ఎస్పీ గారితో, చేతులు జోడించి. “అభినందనలు. మనుషులతో సహా ఈ ప్రాంతమందు సంచరించు సమస్తమునకూ జామర్లు ఉన్నవి. జామర్ లేని కారు ఒకే ఒక్కటి. అది తమరిది!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్పీ గారు ముందు మురిసిపోయారు. సోఫాలో కూర్చున్నారు, సోడా తాగారు. తాగుతూ తాగుతూ ఆగిపోయారు.

“అంటే ఏంటయ్యా? ఈ దారిలో ఎవడు ఎంత స్పీడులో పోయినా దొరకడు. నేనొక్కణ్ణే దొరుకుతాను. అంతేనా?”

సీఐ గారు నెమ్మదిగా జేబులోంచి కిళ్ళీ తీసి, డాక్టరు గారి చేతిలో చీటీ తీసుకుని, మడిచి అందులో పెట్టి, నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టారు. పాపం, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నమిలి మింగేశారు.

“ఆ బిగించేవాడెవడు?” అన్నారు ఎస్పీ గారు.

నన్ను ముందుకు తోశారు. నా చేతిలో ఇంకా వంకాయ కూర ముద్ద ఉంది.

“నువ్వేనా? నాకు ఒకటి బిగించు. ఇప్పుడే.”

“అది సబ్బుపెట్టెండి...”

“ఏ పెట్టయితే నాకేంటి? బిగించు.”

నేను సీఐ గారి వంక చూశాను. ఆయన లక్క పళ్ళెం బల్ల కిందికి తోసేసి, గొంతు సవరించుకున్నారు. “పరిపాలనా అవసరముల దృష్ట్యా, అబ్బులు షాపు యథాతథముగా తెరిచి ఉంచవలెనని ఇందుమూలముగా తీర్మానించడమైనది. ఊఁ, వెళ్ళవయ్యా, నిలబడ్డావేం!”

పరిగెత్తాను. మా ఇంట్లో ఇంక పాత సబ్బుపెట్టె లేకపోతే కొత్త సబ్బు బయట పారేసి దాని పెట్టె తెచ్చాను. రెండు బల్బులు, కాస్త వైరు. ఎస్పీ గారి కారు నంబరు ప్లేటు కింద బిగించాను. పరీక్ష కోసం ఆయన కారు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ దూసుకొచ్చారు. అందరం ఊపిరి బిగబట్టి గన్ను వంక చూశాం.

“గీతలేనండీ!” అని అరిచాడు వీరపండు.

ఎస్పీ గారు కారు దిగి వచ్చి నా భుజం తట్టారు. “స్వదేశీ పరిజ్ఞానం అంటే ఇదీ” అన్నారు. డాక్టరు గారు నోట్ చేసుకున్నారు. వీరపండు తాయెత్తు వాడికి తిరిగిచ్చేశారు. నా కారు సామాన్లు కూడా లారీలో తెచ్చి షాపు ముందు పడేశారు.

సాయంత్రం షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, బంపరు ఎటు బిగించాలా అని చూస్తున్నాను. మంగతాయారు టీ తెచ్చింది.

“ఏమేవ్, ఇన్నాళ్ళూ నోరెత్తని గన్ను ఆ ఒక్క నిమిషం ఎందుకు కూసిందంటావు?”

“నేనేం ఎరుగుదునండీ! పాత బొట్టు తుడిచాను, కుయ్యిమంది. కొత్తది పెట్టాను, నోరు మూసుకుంది.”

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. దసరా నాడు గంధం గిన్నె, గాజు కన్ను, సీఐ గారు వెనక్కి వేసిన రెండడుగులు, అన్నీ గిర్రున కళ్ళ ముందు తిరిగాయి. ఒళ్ళు మండిపోయింది. నా కారు! నా ఇంజను! వీరపండు మొలతాడు! ఇప్పుడే స్టేషన్‌కు పోయి, ఆ గన్ను పట్టుకుని, ఆ బొట్టు వాళ్ళ కళ్ళెదురుగానే తుడిచి, మొహం వాచేలా చీవాట్లు పెట్టి వస్తానని లేచి చొక్కా తొడుక్కున్నాను.

షట్టరు దాకా వెళ్ళి చూశాను. రోడ్డు మీద బంకు దాకా కార్లు బారులు తీరి ఉన్నాయి. బారులో అందరికంటే ముందు సీఐ గారి జీపుంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, “మనదొకటి కాస్త తొందరగా కానియ్యి అబ్బులూ” అన్నారు.

చొక్కా విప్పి మేకుకు తగిలించాను. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను.

“ఏమేవ్,” అన్నాను మంగతాయారుతో. “వచ్చే శుక్రవారం గన్ను దగ్గరికి మర్చిపోకుండా వెళ్ళు. పాతది తుడవకు, దాని మీదే పెట్టు. గంధం కాస్త చిక్కగా తియ్యి.”